బాడుగ యింటి గడపయొద్ద



మన ప్రాంతమున "అద్దె" అనువారు తక్కువ, "బాడుగ" అందుము. బండికి బాడుగ, ఎద్దులకు బాడుగ, ఇంటికిని బాడుగయే. గోరంట్ల చుట్టుపట్ల పల్లెలలో బాడుగ యింట పుట్టి పెరిగినవారు మొన్న మొన్నటివరకు కొద్దిమందియే. పంతుళ్లు, బ్యాంకువారు, పోలీసు ఉద్యోగులు బాడుగకుండిరి. తక్కినవారికి మట్టిమిద్దెయో, రేకుల కొట్టమో, కాలనీలో సర్కారువారు కట్టించిన గదియో, తమదనునది ఏదో ఒకటి యుండెను. అందుచేత బాడుగ యిల్లు దొరకుట అనునది మనస్సాక్షికి సంబంధించిన ప్రశ్నయని మన సంఘములలో ఎవరును తలంపలేదు. వర్షముకొరకు ప్రార్థించితిమి, వేరుసెనగ పంటకొరకు ప్రార్థించితిమి, పరీక్షలు వ్రాయు పిల్లలకొరకు ప్రార్థించితిమి. ఇల్లు వెదకువారికొరకు ప్రార్థన విన్నది మీలో ఎందరు?

ఇప్పుడు ప్రతి పల్లెనుండి ఎవరో ఒకరు ఇల్లు వెదకుచున్నారు. వాన నమ్మరానిది, బోరులో నీరు అంతకన్న నమ్మరానిది. పిల్లలు చదువుకొని కూలినాలి చేయనొల్లరు, చేయుమని మనమును చెప్పలేము. 2017 లో పెనుకొండ మండలము ఎర్రమంచియొద్ద కియా కార్ల కర్మాగారమునకు ఒప్పందము జరిగి, 2019 లో అక్కడినుండి కార్లు వెలువడెను. హిందూపురము ప్రక్కన తూముకుంట పారిశ్రామికవాడ అంతకు మునుపే యుండెను. మన గోరంట్ల మండలములోనే పాలసముద్రమునొద్ద, కస్టమ్సు, పరోక్ష పన్నుల శాఖల ఉద్యోగులకు శిక్షణనిచ్చు జాతీయ అకాడమీని 2024 జనవరి 16 న ప్రధానమంత్రి ప్రారంభించిరి. ధర్మవరమున పట్టుమగ్గములు సరేసరి. గోరంట్లనుండి హిందూపురమునకు పోను గంటకు పైగా, రాను గంటకు పైగా బస్సులో కూర్చుండి, రాత్రి షిఫ్టుకు పనికి పోవుట కొన్నాళ్లు సాగును. పెండ్లియైన తరువాత సాగదు. గనుక పడుచుదంపతులు ఒక సంచి, ఒక గ్యాసు పొయ్యి, రెండు బిందెలు పట్టుకొని పట్టణమునకు బయలుదేరుదురు.

హిందూపురము మహాపట్టణము కాదు. 2011 జనాభా లెక్కలనాటికి లక్షా యేబది వేలకు పైబడిన జనము. బెల్లము, చింతపండు, మిరపకాయల వ్యాపారమునకు పేరుపొందిన ఊరు. అయినను బెంగళూరికి దగ్గర గనుక, బెంగళూరి అలవాట్లు రైలెక్కి వచ్చినవి. వానిలో ఒకటి అడ్వాన్సు. పది నెలల బాడుగను ముందుగా చేతబెట్టుమనుట బెంగళూరున చిరకాలముగా నున్న వాడుక. మన ఊళ్లలో అందరును అంత అడుగరు, అడుగువారును కలరు. దీని లెక్క ఒకసారి వేసి చూడుడి, ఏలయనగా ఇక్కడనే పేదవాని నడుము విరుగును. నెలకు 15,000 రూపాయల జీతము, 5,000 రూపాయల బాడుగ అనుకొందము. జీతములో మూడవవంతు, సరే, ఓర్చుకొనవచ్చును అని మీరందురు. పది నెలల అడ్వాన్సు 50,000. ఆ సొమ్ము పల్లెలో ఎవరియొద్ద నుండును? నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చును. నెలకు 1,500 వడ్డీ. అనగా అతడు నిజముగా ఇచ్చుచున్న బాడుగ 6,500. ఆ యింటి యజమానునికి ముట్టునది 5,000, తక్కినది వడ్డీవ్యాపారికి. అడ్వాన్సు రెండు నెలలదే యైనచో అప్పు 10,000, వడ్డీ 300. ఇల్లు అదే, గోడలు అవే. అడ్వాన్సు పెద్దదియైనందున మాత్రమే ఒక కుటుంబము నెలకు 1,200 రూపాయలు పోగొట్టుకొనుచున్నది. ఇంత చిన్న లెక్క యజమానునికి తెలియదని నేననుకొనను. తన మనస్సుకు కొంచెము ధైర్యము కలుగుటకై ఎదుటివాని మీద ఎంత మోపుచున్నాడో అతడు కూర్చుండి చూడలేదు, అంతే.

బోగ్యము అని మరియొక పద్ధతి కలదు. పెద్దమొత్తము ఒకేసారి ఇచ్చి, రెండు మూడేండ్లు బాడుగ లేకుండ కాపురముండి, పోవునప్పుడు ఆ మొత్తము తిరిగి తీసికొనుట. పొలమమ్మిన సొమ్ము చేతనున్నవారికి ఇది మేలుగా కనబడును. యజమానుడు ఆ సొమ్ముతో కూతురి పెండ్లి చేసియుండినచో గడువు తీరిననాడు ఏమి చేయుదురో ముందే ఆలోచించుకొనవలెను.

ధర్మవరము సంగతి కొంత వేరు. అక్కడ బాడుగకు వచ్చువాడు తన పనిని కూడ వెంట తెచ్చుకొనును. గుంటమగ్గమునకు నేల త్రవ్వవలెను, జకార్డు పెట్టెకు పైకప్పు ఎత్తుగా నుండవలెను, ప్రొద్దు పొడువకముందే చప్పుడు మొదలగును. "నా బండలు పెరికి గుంట తీస్తావా?" అని యజమానుడు అడిగినచో అతనిని వెంటనే కఠినుడనుటకు వీలులేదు. అయితే మగ్గము లేని నేతగానికి కూడు లేదు. ఇరువురి మాటయందును న్యాయమున్న తగవులు లోకమున ఇట్టివి కొన్ని కలవు. కూర్చుండి మాటలాడుకొనుటయే వానికి మందు.

ఇప్పుడు నేను ముఖ్యముగా చెప్పదలచిన సంగతికి వచ్చుచున్నాను. సొమ్ము కుదిరినది, నీళ్ల సంగతి తెలిసినది, సంపు ఉన్నది, కరెంటు మీటరు వేరుగా నున్నది. అంతట గడపయొద్ద నిలిచిన ఇంటివారు అడుగుదురు: "మీ ఇంటిపేరేంది? మీ నాయన ఏం చేస్తాడు? ఊర్లో మీ ఇండ్లు ఏ పక్క?" సూటిగా అడుగుట నేడు నాగరికము కాదు గనుక చుట్టు తిరిగి వచ్చుదురు. "మాంసం వండుకుంటారా?" అనునది ఆ ప్రశ్నకే మరియొక చొక్కా. జవాబు విన్న తరువాత, "అయ్యో, ఖాళీ లేదప్పా, మా తమ్ముని కొడుకు వస్తాన్నాడంట" అని మృదువుగా చెప్పుదురు. మరుసటి ఆదివారము ఆ దారిన పోయినచో "ఇల్లు బాడుగకు కలదు" అను అట్ట గేటుకు అట్లే వ్రేలాడుచుండును.

మనవారిలో అనేకులకు కాగితముమీద కులము మారినది. పూర్వము అంటరానివారని ఎంచబడిన కుటుంబములు క్రైస్తవులైనప్పుడు సర్కారు జాబితాలో బీసీ-సి యని వ్రాయబడుదురు. తహశీల్దారు కార్యాలయమున మారిన ఆ మాట బాడుగ యింటి గడపయొద్ద మారలేదు. అక్కడ ఇంకను తాతగారి పేరే చెల్లుచున్నది.

రెండు మూడు గడపలయొద్ద ఇట్లు జరిగిన తరువాత పడుచువాడు ఒక ఉపాయము చేయును. నాలుగవ యింటికి పోవునాడు భార్యతో, "బొట్టు పెట్టుకో, పేరడిగితే నేను చెప్తాలే" అనును. ఇంటిపేరు కొంచెము మార్చును. మాంసము తినము అనును. ఇల్లు దొరకును. దీనిని మనమేమందుము?

బొట్టు పెట్టుకొనుట పాపమా కాదా అను పాత తగవును ఇక్కడికి తేను. అబద్ధము సంగతి మాత్రమే అడుగుచున్నాను. వెంటనే తీర్పు చెప్పు పెద్దలు మన సంఘములలో కలరు. సొంత యింటి అరుగుమీద కూర్చుండి సత్యమును బోధించుట సులభము. చంకను బిడ్డతో, చేతిలో అడ్వాన్సు సొమ్ముతో, చీకటి పడకమునుపు ఒక కప్పు వెదకుకొను వానికి అది అంత సులభము కాదు. ఐగుప్తులోని మంత్రసానులు ఫరోకు చెప్పిన జవాబును, రాహాబు వేగులవారిని దాచి పలికిన మాటను మనమందరము ఎరుగుదుము. ప్రాణములు కాపాడుటకై వారట్లు చేసిరి, దేవుడు వారిని త్రోసివేయలేదు. గనుక బలవంతుడు అన్యాయముగా అడుగు ప్రశ్నకు బలహీనుడు ఇచ్చు తప్పుజవాబును, సంతలో తూకము తప్పుగా తూచువాని మోసముతో సమముగా ఎంచను.

అయినను అబ్రాహాము సంగతి కూడ చదువుడి. కరవు వచ్చి పరదేశమునకు పోయినప్పుడు, ఆ దేశస్థులకు భయపడి, భార్యను చెల్లెలని చెప్పుమనెను. భయము నిజమైనదే. కాని ఆ మాటకు మూల్యము చెల్లించినది ఎవరు? అబ్రాహాము కాదు, శారా. బాడుగ యింటి అబద్ధమును అట్టిదే. భర్త ఉదయమే కర్మాగారమునకు పోవును. ఆ యింట పగలంతయు ఉండి ఆ మాటను కాచుకొనవలసినది భార్య. కూర వాసన బయటికి పోకుండ కిటికీ మూయవలెను. బైబిలును బట్టల క్రింద పెట్టవలెను. ఆదివారము ఎక్కడికి పోవుచున్నావని అడిగినచో అక్క యింటికని చెప్పవలెను. పల్లెనుండి అత్తగారు వచ్చి, అలవాటున గట్టిగా పాటయెత్తినచో గుండె ఝల్లుమనవలెను. బిడ్డకు మాటలు వచ్చిన తరువాత ఆ బిడ్డకు కూడ దాచుట నేర్పవలెను. గడపయొద్ద ఒకమారు చెప్పిన మాట గడపయొద్దనే నిలువదు. ప్రతి దినము దానికి మేత వేయవలెను. అన్నిటికన్న కష్టమైనది, ఆ యింటి యజమానురాలు మంచిదియై యుండుట. జ్వరము వచ్చిననాడు ఆమె గంజి కాచి తెచ్చును. ఆ గంజి త్రాగుచు ఈమె లోలోపల కుమిలిపోవును.

ఆలోచించి నాకు తోచినది చెప్పుచున్నాను, అంగీకరింపనివారు ఉండవచ్చును. అడుగని దానిని చెప్పనక్కరలేదు. అడుగుటకు హక్కులేని దానిని అడిగినచో, "బాడుగ నెల మొదట ఇస్తామమ్మా, ఇల్లు శుభ్రంగా పెట్టుకుంటాము, అంతకన్నా ఏం కావల్ల?" అని మాట మరల్చుట అబద్ధము కాదు. ఆ నోరు మూసికొనుటకు మనిషికి హక్కు గలదు. అయితే మీరు ఫలానావారా అని సూటిగా అడిగినప్పుడు కాదనుట వేరు. అది తనవారినందరిని, పల్లెలో కన్న తల్లిని కూడ, ఒక గదికొరకు కాదనుట. ఆ గది చౌకగా వచ్చినట్లు కనబడును గాని చౌక కాదు. ఈ మాటను నేను పడుచువానితో చెప్పవలెనన్నచో, దానికి ముందు మరియొకటి చేసియుండవలెను. ఆ సంగతి చివర చెప్పెదను.

ఇంటి యజమానుని ప్రక్కనుండియు చూడవలెను. మిద్దెమీద రెండు గదులు కట్టి, ఆ బాడుగతోనే మందులు కొనుకొను విధవరాండ్రు హిందూపురమున కలరు. బాడుగ ఎగవేసి, కోర్టులో కూర్చుండబెట్టి, ఏండ్లతరబడి ఖాళీ చేయనివారును కలరు. నీళ్ల కరవున్న ఊరిలో ఎంతమంది వచ్చి ఉండెదరో అడుగుట న్యాయమే. పని ఎక్కడ, జీతమెంత, మునుపున్న ఇల్లేల వదలితిరి, ఇవియన్నియు అడుగవచ్చును. బాడుగ పత్రము పదునొకండు నెలలకే వ్రాయుదురు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము ఏడాదికి మించిన కౌలుపత్రమును రిజిస్టరు చేయింపవలెను గనుక ఆ ఖర్చు తప్పించుకొనుటకు ఈ వాడుక వచ్చినది. ఇందులో మోసమేమియు లేదు. తన యింటిని కాపాడుకొనుటకు అడుగు ప్రశ్న ఒకటి, ఎదుటివాని పుట్టుకను తూచుటకు అడుగు ప్రశ్న ఒకటి. రెండును ఒకే నోటనుండి, ఒకే ఊపిరిలో వచ్చుచున్నవి గనుక ఆ నోటికే తేడా తెలియకున్నది.

చట్టము ఏమి చేయును అని అడుగుదురు. రాజ్యాంగము 15 వ అధికరణములో అంగళ్లు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టములు, బాటలు చెప్పబడెను. ఒకని సొంత మిద్దెమీది గది చెప్పబడలేదు. 1955 నాటి చట్టము, అంటరానితనము కారణముగా ఏ ప్రాంతమునందైనను ఒకడు ఇల్లు కట్టుకొనకుండ, కాపురముండకుండ అడ్డగించుటను నేరముగా చేసెను. మంచి చట్టమే. కాని "మా తమ్ముని కొడుకు వస్తాన్నాడంట" అను మాటను ఏ పోలీసు పట్టుకొనును? 2005 లో మన సుప్రీంకోర్టు, గుజరాతులోని ఒక పార్సీల గృహనిర్మాణ సహకార సంఘము తన సభ్యత్వమును పార్సీలకే పరిమితము చేసికొనవచ్చునని తీర్పుచెప్పెను. 2015 లో అచ్చైన ఒక పరిశోధన, ఢిల్లీ పరిసరములలో ఇల్లు అడిగిన దళితులకును ముస్లిములకును పై కులములవారికంటె ఎక్కువగా "లేదు" అను జవాబు వచ్చినదని చూపెను.

ఇది మన దేశపు జబ్బు మాత్రమే కాదు. అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ 1968 ఏప్రిల్ 4 న చంపబడెను. వారము దినముల తరువాత, ఏప్రిల్ 11 న, అధ్యక్షుడు జాన్సన్ ఒక చట్టముమీద చేవ్రాలు చేసెను: రంగు, మతము, పుట్టిన దేశము చూచి ఇల్లు ఇవ్వననుట ఇక చెల్లదు. అయితే ఆ చట్టము చేసినవారు ఒక తలుపు తెరచియుంచిరి. యజమానుడు తానే అదే కట్టడములో కాపురముండి, అందులో నాలుగు కుటుంబములకు మించి లేనియెడల, ఆ నిషేధమునుండి అతనిని చాలవరకు మినహాయించిరి. ఇది చదివినప్పుడు నాకు హిందూపురము జ్ఞాపకమునకు వచ్చెను. క్రింద యజమానుడు, పైన బాడుగవారు, మధ్య ఒక మెట్లదారి. మన ఊళ్ల యిండ్లు తరచుగా ఇట్టివే. అంత బలముగల దేశపు చట్టమే ఆ మెట్లయొద్ద తడబడి నిలిచినది. అక్కడినుండి పైకి ఎక్కవలసినది యజమానుని మనస్సాక్షియే.

ఇంకొక విషయము. కియా వచ్చిన తరువాత కొరియా దేశస్థులు ఈ ప్రాంతమునకు వచ్చిరి. వారు ఏమి తిందురు, వారి తాత ఏ వీధిలో నుండెను అని అడిగిన యజమానుని నేనింతవరకు చూడలేదు. సముద్రము దాటివచ్చినవానికి లేని పరీక్ష చిత్రావతి దాటివచ్చినవానికి ఉండుట చిత్రమే గదా! ఆ పరీక్ష ఆచారమును కాపాడుటకే యైనచో అందరికిని ఉండవలెను. కొందరికే యున్నదనగా, అది ఆచారము కాదనియు మరేదోననియు మనకు తెలిసిపోవుచున్నది.

ఇంతవరకు చదివి, "అవును, వారట్లే చేయుదురు" అని తల ఊపుచున్న చదువరీ, కొంచెమాగుము. బాడుగకు ఇచ్చువారిలో మనవారు లేరా? జాతీయ రహదారి ప్రక్కన గజము స్థలమున్నవారు గదులు కట్టిరి. బీహారునుండి, ఒడిశానుండి వచ్చిన కట్టడపు కూలీలను గదికి పదిమందిచొప్పున పెట్టి, తలకింతయని వసూలుచేయువారు ఊరూర కలరు. ఆదివారము కానుక వేయువారు వారిలో లేరని ప్రమాణము చేయగలమా? పదిమందికి ఒకే మరుగుదొడ్డి. కిటికీ లేదు. మేడమీద నిద్రించువారికి పిట్టగోడ లేదు. క్రొత్త యిల్లు కట్టినప్పుడు పైకప్పునకు చుట్టు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండములో ఒక ఆజ్ఞ కలదు. ఎవడైన పడి చచ్చినచో ఆ రక్తము ఇంటిమీదికి వచ్చునట. ఇటుకకును సున్నమునకును పరలోకములో లెక్క గలదని చెప్పు ఆ ఆజ్ఞమీద ప్రసంగము నేను ఎన్నడును వినలేదు. మరియు మనమును అడుగుదుము. ఏ మిషను? ఏ సంఘము? ఊర్లో మీ ఇండ్లు ఏ పక్క? మాలపల్లెవాడు మాదిగపల్లెవానికి, మాదిగపల్లెవాడు మాలపల్లెవానికి ఇల్లియ్యని ఊళ్లు మనకు తెలియవా?

బాడుగ తీసికొనుటలో తప్పులేదు. ఇల్లు కట్టినవాడు దాని ఫలము తినవచ్చును. దీనికి ఒక మంచి మాదిరి లండనులో దొరకును. ఆక్టేవియా హిల్ అను స్త్రీ 1838 లో జన్మించెను. పేదల పిల్లలకు పని నేర్పుచు, వారు కాపురముండు ఇండ్లను చూచి ఆమె మిక్కిలి బాధపడెను. 1865 లో జాన్ రస్కిన్ అను గ్రంథకర్త మేరిల్‌బోన్ అను భాగములో మూడు పాత యిండ్లను తీసికొని ఆమె చేతిలో పెట్టెను. ఆ సందు పేరు పరదైసు; లోపల చూచినచో చెత్త, చెమ్మ, విరిగిన మెట్లు. రస్కిన్ పెట్టిన నియమమొకటి: ధర్మముగా ఇచ్చుట కాదు, పెట్టిన సొమ్మునకు ఏటికి నూటికి 5 చొప్పున రావలెను. అట్లు వచ్చినప్పుడే ఇతరులును ఇట్టి పనికి సొమ్ము పెట్టుదురని అతని తలంపు.

ఆమె ఏమి చేసెను? ప్రతి వారము తానే పోయి బాడుగ వసూలుచేసెను. బాకీ విషయమున ఖండితముగా నుండెను. జాలిపడి వదలివేయుట మేలు కాదని ఆమె నమ్మకము. ఆమె మరీ కఠినురాలని అప్పుడును ఇప్పుడును అనువారు కలరు, ఆ మాటలో కొంత నిజమున్నది. అయితే తనవంతు పనియందును ఆమె అంతే ఖండితముగా నుండెను. నీరు వచ్చునట్లు చేయించెను, కప్పు బాగుచేయించెను, ఒకే గదిలో క్రిక్కిరిసియున్న కుటుంబమునకు రెండవ గది దొరకునట్లు చూచెను. మరమ్మతులకు ఏటికి ఇంతయని సొమ్ము తీసిపెట్టి, అందులో మిగిలినదానితో ఏమి చేయవలెనో బాడుగవారినే కోరుకొనుమనెను. ఏదియు విరుగకుండ చూచుకొన్నచో ఆ మిగులు వారిదే గనుక వారే ఇంటిని కాపాడిరి. నూటికి 5 వచ్చినది. 1912 లో ఆమె మరణించునాటికి వేలకొలది జనము ఆమెయు ఆమె తర్ఫీదు చేసిన స్త్రీలును చూచుకొను ఇండ్లలో కాపురముండిరి. బాడుగ పుచ్చుకొనువానికిని ఇచ్చువానికిని నడుమ వారమునకొకమారు ముఖాముఖి మాటలాడు సంబంధముండెను. బ్యాంకుఖాతాలో సొమ్ము పడుటతో సరిపెట్టుకొనువారు ఈ సంగతి ఆలోచింపవలెను.

న్యాయమైన బాడుగ ఎంత అని అడుగుదురు. "ఊర్లో ఎంత నడుస్తోందో అంత" అని యజమానుల జవాబు. ఇది వినుటకు సరిగానే యుండును. కాని 2016 లో ఒక ధర, కర్మాగారము వచ్చిన తరువాత అదే గదికి మరియొక ధర అయినచో, ఆ నడుమ యజమానుడు చేసిన పని ఏమి? గోడ అదే, రేకు అదే. ధర పెంచినది ప్రక్కన వచ్చిన బాట, కర్మాగారము, పనికొరకు వచ్చిన మనుష్యులు. ఎవరి రాకవలన తన గది విలువ పెరిగినదో వారిమీదనే ఆ పెరుగుదల భారమంతయు మోపుట న్యాయమా? ధరలు పెరిగినప్పుడు బాడుగ అసలే పెంచరాదని నేననను. సిమెంటు ధర, పన్ను, మరమ్మతు అన్నియు పెరుగుచున్నవి. తనకు పెరిగిన ఖర్చెంతయో వ్రాసి, అంతవరకు పెంచి, ఆగగలవాడు ఎవడైన ఉన్నచో వానియింటికి నేను పోయి నమస్కరించెదను.

2020 లో కరోనా దినములు మరువరానివి. పనులు నిలిచి, బాడుగ కట్టలేక, కూలీలు వందలకొలది మైళ్లు నడచిపోయిరి. మార్చి 29 న కేంద్ర హోంశాఖవారు, ఒక నెల బాడుగను ఆ కూలీలయొద్ద అడుగరాదనియు, ఖాళీ చేయింపరాదనియు ఉత్తరువు ఇచ్చిరి. ఉత్తరువు ఇవ్వవలసివచ్చినదే అని సిగ్గుపడవలెను. అదే ఏడు జూలైలో, పట్టణములలోని కూలీలకు తక్కువ బాడుగకు గదులు కట్టించు పథకమునకు కేంద్ర మంత్రివర్గము ఆమోదము తెలిపెను. 2021 జూన్ 2 న ఆమోదించిన నమూనా బాడుగ చట్టములో, కాపురపు ఇండ్లకు రెండు నెలలకు మించి అడ్వాన్సు పుచ్చుకొనరాదని వ్రాసిరి. నమూనా గనుక, రాష్ట్రములు స్వీకరించినచోటనే అది చెల్లును. ఆ రెండు నెలల హద్దును పాటించుటకు మన యజమానులకు శాసనసభ అనుమతి అక్కరలేదు గదా.

పౌలు రోమాలో రెండేండ్లు బాడుగ యింట కాపురముండెను. ఖైదీ. కాపలాకు ఒక సైనికుడు. ఉదయమునుండి సాయంకాలమువరకు వచ్చిపోవు జనము, వాదములు, గట్టి మాటలు. హిందూపురములో ఇట్టివానికి ఎవరైన ఇల్లిత్తురా? రోమాలో ఒకరు ఇచ్చిరి. వారి పేరు లూకా వ్రాయలేదు. వారు విశ్వాసులో కారో కూడ చెప్పలేదు. షూనేములోని ఘనురాలు మేడమీద చిన్న గది కట్టించి, మంచము, బల్ల, పీట, దీపస్తంభము ఉంచినది ప్రవక్తకొరకు, అది భక్తి. రోమా యజమానుడు బాడుగ పుచ్చుకొని, ఎదుటివాని సంకెళ్లను చూచియు ఇల్లిచ్చెను. నాకు ఈ రెండవవాడు కూడ ఇష్టుడే.

పడుచువానితో సత్యము చెప్పుమనుటకు ముందు మనము చేసియుండవలసిన పని అని మీదట చెప్పితిని. అదేమనగా: మనము పిల్లలను పట్టణమునకు పంపునప్పుడు ప్రార్థన చేసి పంపుదుము, చిరునామా ఇచ్చి పంపము. హిందూపురమున, పెనుకొండలో, ధర్మవరమున సంఘములున్నవి. ఆ సంఘములలో ఏ ఏ యిండ్లలో గదులు ఖాళీయగునో ఎరిగినవారున్నారు. గ్రామసంఘపు పెద్ద ఒకరు ఫోను చేసి, "మా పిల్లోడు వస్తాడన్నా, నువ్వు తోడుపోయి ఇల్లు చూపించు" అని చెప్పుట ఎంత పని? ఊరివాడొకడు ప్రక్కన నిలిచి, "నాకు తెలిసినోళ్లే, బాడుగకు నాది పూచీ" అన్నచో, ఇంటిపేరు అడుగు నోరు సగము మూతపడును. ప్రశ్న వినకుండ పోవు దారి అదే, అబద్ధమాడకుండ పోవు దారియు అదే.

రెండవది అడ్వాన్సు. కోత పండుగలో వచ్చిన సొమ్ములో కొంత ప్రక్కన పెట్టి, వడ్డీ లేకుండ ఇచ్చి, ఇల్లు వదలిననాడు తిరిగి పుచ్చుకొనవచ్చును. సొమ్ము పోదు; ఒక కుటుంబమునుండి మరియొక కుటుంబమునకు పోవుచుండును. మైకుసెట్టు కొనుటకు చందా వేసిన సంఘములకు ఇది అసాధ్యము కాదు. ఎవరికిచ్చినది, ఎంత, ఎప్పుడు అని పుస్తకములో వ్రాసి, ఇరువురు పెద్దలు చేవ్రాలు చేయవలెను. బంధువులకే ఇచ్చినారను మాట రాకూడదు. అది వచ్చిననాడు ఆ పని అంతటితో చచ్చును.

ఇల్లు కుదుర్చుకొనువారికి కొన్ని మాటలు. అడ్వాన్సు ఎంత ఇచ్చితిరో, ఖాళీ చేసిన ఎన్ని దినములకు తిరిగి ఇచ్చెదరో, సున్నమునకు ఎంత పట్టుకొందురో పత్రములోనే వ్రాయించుకొనుడి. నోటిమాటమీద పోయిన అడ్వాన్సులు లెక్కలేదు. చేరిననాడే కరెంటు మీటరు అంకెను ఫోనులో ఫొటో తీసికొనుడి. ప్రతి నెల బాడుగకు రసీదు అడుగుడి, లేదా ఖాతాకు పంపుడి. వేరే ఒప్పందము లేనప్పుడు నెలవారీ బాడుగను ముగించుటకు ఏ ప్రక్కవారైనను 15 దినముల నోటీసు ఇవ్వవలెనని 1882 నాటి ఆస్తిబదిలీ చట్టము చెప్పుచున్నది. రాత్రికి రాత్రి సామాను బయట పెట్టుదుమన్నచో ఆ మాట జ్ఞాపకము చేయవచ్చును. నీళ్లు ఎన్ని దినములకొకమారు వచ్చునో యజమానుని కాదు, ప్రక్కయింటివారిని అడుగుడి. వేసవి సెలవులలో ఇండ్లు మారువారు ఎక్కువ గనుక బడులు మూయునప్పుడే వెదకుట మొదలుపెట్టుడి. జూన్ వచ్చిన తరువాత మిగులునవి కిటికీ లేని గదులే.